ఎనిమిది ఫ్యాన్లున్నా ఊపిరాడని ఎడిటింగ్ పీసీ: గాలి దారి సరిచేసిన ఒక కేసు

తెనాలిలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ఒక చిన్న స్టూడియో మెషిన్ ఇది. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, బీ550 మదర్‌బోర్డు, ప్రాసెసర్ మీద నిలువుగా నిలబడే టవర్ ఎయిర్ కూలర్, ఫైళ్లు దాచుకోవడానికి రెండు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు. క్యాబినెట్‌కి ముందూ గ్లాసే, పక్కనా గ్లాసే. లోపల రంగురంగుల లైట్లున్న ఎనిమిది ఆర్‌జీబీ ఫ్యాన్లు: ముందు మూడు, పైన రెండు, వెనక ఒకటి, కింద ఎస్ఎంపీఎస్‌ని (మెషిన్‌కి కరెంటు అందించే డబ్బాని) కప్పే రేకు మీద రెండు. అసెంబుల్ చేసినవాళ్లు చూడటానికి చాలా అందంగా కట్టారు, వైర్లు కూడా శుభ్రంగా దాచారు.

స్టూడియో నడిపే కుర్రాడి కంప్లయింట్ ఏంటంటే, పొద్దున పూట బాగానే నడుస్తుంది, మధ్యాహ్నం రెండు దాటితే టైమ్‌లైన్ ఆగి ఆగి ఆడుతుంది, రాత్రి గంటలో అయ్యే ఎక్స్‌పోర్టు పగలు ఇంకో పావుగంట మింగేస్తుంది, పైగా పిండిమర పక్కన కూర్చున్నట్టు మోత. "అన్నా, ఇంకో రెండు ఫ్యాన్లు వేసేయండి, సీజన్‌లో నాకు టెన్షన్ లేకుండా చేయండి" అన్నాడు. మన దగ్గర పెళ్లి ముహూర్తాలూ ఎండలూ కలిసే వస్తాయి కదా, మెషిన్‌కి ఎక్కువ పని పడేది గది బాగా కాగే నెలల్లోనే. కాబట్టి అతని కంగారులో న్యాయం ఉంది. కానీ ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది, మధ్యలో కాలే వస్తువుని తాకుతోందా లేదా అన్న మూడు సంగతులు తేల్చకుండా ఫ్యాన్ల లెక్క పెంచితే డబ్బు దండగ, మోత అదనం.

నేను ఏ మెషిన్‌కైనా ముందు చూసేది గది వేడి. మామూలు డిజిటల్ థర్మామీటర్ ఒకటి క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోట పెడతాను. ఆ రోజు మధ్యాహ్నం 36 చూపించింది, ఏసీ వేయకుండా. ఈ అంకె లేకుండా మిగతా అంకెలకి అర్థం లేదు. ఎయిర్ కూలింగ్ ఎంత గొప్పదైనా గది వేడి కంటే కిందికి దించలేదు, గది మీద ఎన్ని డిగ్రీలు ఎక్కువ అన్నదే దాని చేతిలో ఉంటుంది. చల్లటి దేశంలో 21 డిగ్రీల గదిలో తీసిన రివ్యూలో గ్రాఫిక్స్ కార్డు 65 అంటే గది మీద 44 ఎక్కువ. మన 36 గదిలో అదే కార్డు 80 చూపిస్తే అది కూడా గది మీద 44 ఎక్కువే, అంటే సరిగ్గా అంతే బాగా పనిచేస్తోంది. ఇది తెలియక కూలర్లు మార్చేసినవాళ్లని చాలామందిని చూశాను.

తర్వాత లోపలి భాగాల వేడీ స్పీడూ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి, అతని సొంత ప్రాజెక్టునే ఎక్స్‌పోర్టుకి వదిలాను. సినీబెంచ్ లాంటి టెస్టు సాఫ్ట్‌వేర్లు ప్రాసెసర్‌ని విడిగా పరీక్షించడానికి బాగుంటాయి గానీ, వీడియో పనిలో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ ఒకేసారి కాలుతాయి. క్యాబినెట్ గాలికి అసలు పరీక్ష అదే. ఇరవై నిమిషాలు నడిచాక ప్రాసెసర్ 90, గ్రాఫిక్స్ కార్డు 83, దాని సొంత ఫ్యాన్లు 90 శాతం పైన, రెండో ఎస్ఎస్‌డీ 80.

ఇక్కడ ఒక మాట. 5800ఎక్స్‌కి ఏఎండీ పెట్టిన గరిష్ఠం 90 డిగ్రీలు. అక్కడికి చేరగానే అది తన స్పీడు తానే తగ్గించుకుని 90 దగ్గర నిలబడుతుంది. 3070 కూడా 83 దగ్గర అలాగే చేస్తుంది. అంటే ఈ రెండు అంకెలూ చూసి "ఫర్లేదు, ఇంకా పెరగడం లేదుగా" అనుకుంటే పొరపాటు, వేడి ఆగింది స్పీడు తగ్గించుకోవడం వల్ల. అందుకే ఉష్ణోగ్రత పక్కన క్లాక్ కాలమ్, అంటే స్పీడు అంకె, కూడా చూడాలి. ప్రాసెసర్ అన్ని కోర్ల మీదా 4.1 గిగాహెర్ట్జ్ దగ్గర కొట్టుకుంటోంది, మంచి గాలి ఉంటే 4.4 దాటాల్సింది. కార్డు 1650 మెగాహెర్ట్జ్‌కి దిగిపోయింది. మామూలుగా ఈ కార్డులు ఆడుతూ పాడుతూ 1850 పైన నిలబడతాయి. కుర్రాడికి మధ్యాహ్నం పోతున్న పావుగంటలో కొంత ఇక్కడే పోతోంది.

ఇప్పుడు తప్పు కూలర్ పేస్టుదా (చిప్‌కీ కూలర్‌కీ మధ్య వేడి అందించడానికి పూసేది), క్యాబినెట్‌దా తేలాలి. దీనికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. అదే లోడు నడుస్తుండగా పక్క గ్లాసు తీసి పక్కన పెట్టి పది నిమిషాలు ఆగడం. అంకెలు పెద్దగా కదలకపోతే పేస్టో, కూలర్ బిగింపో, లోపలి దుమ్మో చూడాలి. బాగా పడిపోతే మాత్రం క్యాబినెట్ గాలి ఆడనివ్వడం లేదన్నమాట. ఇక్కడ గ్రాఫిక్స్ కార్డు 83 నుంచి 73కి దిగింది, అదీ క్లాకు పెరిగాక. ప్రాసెసర్ 84కి వచ్చింది. గ్లాసు మళ్లీ బిగించి, ఈసారి ముందున్న గ్లాసు ప్యానెల్ మాత్రం ఊడదీశాను. కార్డు 77, ప్రాసెసర్ 86. జబ్బులో పెద్ద వాటా ముందు గ్లాసుదేనని, కానీ మొత్తం దానిదే కాదని తెలిసింది. (పక్క గ్లాసు తీసేసి అలాగే వాడుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వాడుకోవచ్చు, కానీ మెయిన్‌రోడ్డు పక్కన స్టూడియోలో నెల తిరిగేసరికి హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము మేట వేస్తుంది.)

మిగతా వాటా ఎక్కడుందో చూడటానికి అగరుబత్తి వెలిగించాను. నా దగ్గర ఇంతకంటే మంచి పరికరం లేదు, అవసరమూ పడలేదు. నుసి లోపల రాలకుండా, రెండు మూడు నిమిషాలు మించకుండా చూసుకుంటే చాలు. పొగంటే ఇష్టం లేనివాళ్లు టిష్యూ పేపర్ సన్నగా చీల్చి దారానికి కట్టినా పని జరుగుతుంది.

ముందు గ్లాసుకీ క్యాబినెట్ ఫ్రేముకీ మధ్య పక్కల్లో రెండు వేళ్లు దూరని సందు ఉంది. మూడు ఫ్యాన్లకి గాలి అంతా ఆ సందులోంచే రావాలి. అక్కడ పొగ పెడితే బద్ధకంగా ఒంగి లోపలికి వెళ్లింది, అంతే. పక్క గ్లాసు కొంచెం వారగా తీసి ముందు పై ఫ్యాన్ దగ్గర పొగ పెడితే, అది లోపలికి నాలుగంగుళాలు వచ్చి, నేరుగా పైకి తిరిగి, టాప్‌లో ముందువైపున్న ఫ్యాన్‌లోంచి బయటికి పోయింది. ప్రాసెసర్ కూలర్ దాకా రానే లేదు. కొన్న చల్లగాలిని గుమ్మంలోనే దొంగ ఎత్తుకుపోతున్నాడు. టవర్ కూలర్ ఉన్న క్యాబినెట్లలో టాప్ ముందు స్థానంలో బయటికి ఊదే ఫ్యాన్ పెడితే దాదాపు ఎప్పుడూ జరిగేది ఇదే. అక్కడ ఫ్యాన్ పెట్టే చోటుంది కాబట్టి పెట్టాలనేం లేదు.

నన్ను ఎక్కువ ఆపింది ఎస్ఎంపీఎస్ రేకు మీదున్న రెండు ఫ్యాన్లు. అవి గ్రాఫిక్స్ కార్డుకి సరిగ్గా కింద ఉన్నాయి, పైకి ఊది కార్డుకి గాలి అందించాల్సినవి. కార్డుకీ వాటికీ మధ్య అగరుబత్తి పెడితే పొగ కిందికి పోయింది. ఫ్యాన్‌లో మోటారుని పట్టుకునే నాలుగు కడ్డీలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపుకి బయటికొస్తుంది, రెక్కలు తెరిచి కనిపించే అందమైన ముఖం వైపు నుంచి లోపలికి లాగుతుంది. చాలా ఫ్యాన్ల ఫ్రేము మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ఇక్కడ లైట్లున్న ముఖం గ్లాసులోంచి కనపడాలని దాన్ని పైకి పెట్టారు, దాంతో ఆ రెండూ కార్డు కింద ఉన్న గాలిని లాగి ఎస్ఎంపీఎస్ డబ్బాలోకి తోస్తున్నాయి. కార్డు ఫ్యాన్లు కింది నుంచి పైకి లాగుతాయి, ఇవి పై నుంచి కిందికి లాగుతాయి, మధ్యలో కార్డుకి కరువు. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, చూసేవాళ్లకి ఏ తప్పూ కనపడదు.

వెనకవైపు, కార్డు కింద ఖాళీ స్లాట్లకి వేసే చిల్లుల రేకుల దగ్గర బొచ్చులాంటి దుమ్ము అంటుకుని ఉంది, లోపలివైపు కాదు, బయటివైపు. అది చూస్తే చాలు, అక్కడి నుంచి గాలి లోపలికి పీలుస్తోందని అర్థం. పొగ కూడా అదే చెప్పింది. లెక్కకి ముందు మూడు లోపలికి, పైనా వెనకా కలిపి మూడు బయటికి, సమానమే. కానీ లోపలికొచ్చే మూడూ గ్లాసు వెనక, ఫిల్టర్ వెనక ఉక్కిరిబిక్కిరి అవుతున్నాయి, బయటికి పోయే మూడిటికి అడ్డమే లేదు. కాబట్టి లోపల ప్రెజర్ తక్కువైపోయి, ఎక్కడ సందుంటే అక్కడి నుంచి గాలి దూరుతోంది, ఫిల్టర్ లేని సందుల్లోంచి దుమ్ముతో సహా. అందులోనూ వెనక స్లాట్ల దగ్గర దూరేది ఇప్పుడే బయటికి తోసిన వేడి గాలి. ఈ మెషిన్ చెక్క కంప్యూటర్ టేబుల్ అరలో, వెనక గోడకి ఆనించి ఉంది, ఆ వేడి గాలికి పోయే చోటే లేదు.

కావాల్సిన గాలి ఎంతో లెక్క కట్టుకుంటే ఫ్యాన్ల మోజు తగ్గుతుంది. వేడి ఎన్ని వాట్లో చూసి, దాన్ని 1.76తో గుణించి, గది మీద లోపలి గాలి ఎన్ని డిగ్రీలు పెరిగినా ఫర్లేదు అనుకుంటామో దానితో భాగిస్తే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి కావాలో వస్తుంది, అదే సీఎఫ్ఎం. ఈ ప్రాసెసర్ సాకెట్ దగ్గర గరిష్ఠంగా 142 వాట్లు, కార్డు 220, బోర్డూ ర్యామూ డిస్కులూ కలిపి మొత్తం 400 అనుకుందాం. 10 డిగ్రీల పెరుగుదల చాలనుకుంటే 70 సీఎఫ్ఎం. మామూలు 120 ఎంఎం ఫ్యాన్ డబ్బా మీదే 50, 60 అని రాసి ఉంటుంది కాబట్టి రెండు చాలాలి. కానీ డబ్బా మీది ఆ అంకె ఎదురు అడ్డమే లేనప్పటిది. పక్కనే రాసే స్టాటిక్ ప్రెజర్ అంకె, అంటే అడ్డాన్ని ఎదిరించి తోసే బలం, గాలి పూర్తిగా ఆగిపోయినప్పటిది. ఆ రెండూ ఒకేసారి దొరకవు. గ్లాసూ ఫిల్టరూ అడ్డం పెడితే నిజంగా వచ్చే గాలి చాలా పడిపోతుంది, అందుకే ముందువైపు అడ్డం తగ్గించడం నాలుగో ఫ్యాన్ కొనడం కన్నా ఎక్కువ ఇస్తుంది.

పని మొదలుపెట్టేటప్పుడు ఒక్కొక్క మార్పూ విడివిడిగా చేసి, ప్రతిసారీ అదే ప్రాజెక్టు, అదే 36 దగ్గరి గదిలో నడిపి చూశాను. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, తర్వాతి మెషిన్‌కి ఏమీ నేర్చుకోలేం.

మొదట రేకు మీది ఫ్యాన్లు తిరగేశాను. కార్డు ఉష్ణోగ్రత 83 నుంచి కదల్లేదు, కానీ క్లాకు 1740కి లేచింది. ఉష్ణోగ్రత ఒక్కటే చూసేవాళ్లు ఇక్కడ "తేడా రాలేదు" అని మళ్లీ వెనక్కి పెట్టేస్తారు. ఇంకో సంగతి, ఆ ఫ్యాన్లు పైకి ఊదాలంటే రేకు డబ్బా లోపలికి చల్లగాలి అందాలి. ముందు కింది ఫ్యాన్ సగం ఆ డబ్బాలోకే ఊదుతుంది, కానీ ఎదురుగా హార్డ్‌డిస్కు బోను ఉంది, అందులో మిగిలిన ఎస్ఎంపీఎస్ వైర్లన్నీ కుక్కారు. బోను ఊడదీసి, వైర్లు వెనక గోడకి కట్టేశాను. ఈ క్యాబినెట్‌లో హార్డ్‌డిస్కులు లేవు కాబట్టి బోనుతో పనిలేదు.

తర్వాత ముందు గ్లాసు. ఈ మోడల్‌కి జాలీ ప్యానెల్ విడిగా దొరకలేదు. గ్లాసు కొలతకి సన్న చిల్లుల ఇనుప జాలీ కోయించి, నల్ల పెయింటు కొట్టించి, వెనక సన్నటి నైలాన్ ఫిల్టర్ మ్యాగ్నెట్ పట్టీతో అంటించాను. జాలీ కొనేటప్పుడు చిల్లు సైజు కన్నా చిల్లుల మధ్య రేకు ఎంత మిగిలిందో చూడాలి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఇనుము కన్నా ఖాళీ ఎక్కువ కనపడాలి. అక్కడికి కార్డు 76కి దిగింది, ప్రాసెసర్ 86.

మూడోది టాప్ ముందు ఫ్యాన్ తీసేయడం. తీసి వదిలేస్తే ఆ చిల్లులోంచి గాలి ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, కాబట్టి అక్కడ పలుచటి యాక్రిలిక్ ముక్క కోసి మూశాను. ఎనిమిది ఏడయ్యాయి. ప్రాసెసర్ 83. ఒక ఫ్యాన్ తీసేస్తే మూడు డిగ్రీలు తగ్గడం కుర్రాడు నమ్మలేకపోయాడు, మళ్లీ బిగించి చూపించమన్నాడు, చూపించాను.

ఇక మోత సంగతి. పాత ఫ్యాన్లన్నీ ఆరు పిన్నుల సొంత కనెక్టర్‌తో ఒక హబ్‌కి, హబ్ నేరుగా ఎస్ఎంపీఎస్‌కి. స్పీడు మారాలంటే రిమోట్ నొక్కాలి, బోర్డుకి వాటి మీద అధికారమే లేదు. అందుకని మెషిన్ ఖాళీగా ఉన్నా అదే మోత. ముందు మూడిటినీ వెనకదాన్నీ లైట్లు లేని నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లతో (బోర్డే స్పీడు మార్చగలిగే రకం) మార్చాను. ముందు పెట్టినవి స్టాటిక్ ప్రెజర్ ఎక్కువున్న రకం, ఫిల్టర్ వెనక అవే పనికొస్తాయి. వెనకది మామూలుది చాలు. బోర్డు మీద ఫ్యాన్ వైరు తగిలించే ఒక్కో హెడర్‌కి సాధారణంగా 1 ఆంపియర్ దాకా ఇస్తారు, 0.2, 0.3 లాగే ఫ్యాన్లు రెండు మూడు స్ప్లిటర్‌తో తగిలించినా ఇబ్బంది లేదు, కానీ ముందుగా ఫ్యాన్ మీద రాసిన ఆంపియర్లు కూడుకోవాలి.

ఎంత వేడికి ఫ్యాన్ ఎంత తిరగాలో చెప్పే స్పీడు కర్వ్ దగ్గర చాలామంది ప్రాసెసర్ ఉష్ణోగ్రతకి క్యాబినెట్ ఫ్యాన్లని కట్టేస్తారు. రైజెన్ వేడి ఒక ఫోల్డర్ తెరిచినా క్షణంలో పదిహేను డిగ్రీలు ఎగిరి దిగుతుంది, దాంతో ఫ్యాన్లు కూడా ఊళ పెట్టి ఆగి మళ్లీ ఊళ పెడతాయి, మోత కన్నా ఆ ఎగుడుదిగుడే చెవికి ఎక్కువ చిరాకు. కార్డు వేడి నెమ్మదిగా మారుతుంది, పైగా క్యాబినెట్‌లోకి ఎక్కువ వేడి వదిలేదీ అదే. ముందు ఫ్యాన్లని కార్డు ఉష్ణోగ్రతకి కట్టాను, దానికి విండోస్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలి, ఎందుకంటే చాలా బోర్డుల బయోస్‌కి (బోర్డులోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రాము) కార్డు వేడి తెలియదు. వెనకదాన్ని ప్రాసెసర్‌కి కట్టి, బయోస్‌లో మార్పు కొన్ని సెకన్లు ఆలస్యంగా జరిగేలా పెట్టాను. ముందువి ఎప్పుడూ వెనకా పైనా ఉన్నవాటి కంటే కొంచెం ఎక్కువ తిరిగేలా చూసుకున్నాను. లోపల ప్రెజర్ కొద్దిగా ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది.

చివరగా టేబుల్. అరలోంచి తీసి పక్కన చిన్న స్టాండు మీద పెట్టించాను, వెనక గోడకి జానెడు పైన ఎడం. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ ఇది చేయకపోతే పై మార్పులన్నీ సగమే పనిచేసేవి. తీసిన గాలినే మళ్లీ లోపలికి లాగే చోట ఏ ఫ్యాన్ ఏం చేస్తుంది?

అన్నీ అయ్యాక, గది మళ్లీ 36 ఉన్న మధ్యాహ్నం అదే ప్రాజెక్టు. ప్రాసెసర్ 81, క్లాకు 4.4 పైన నిలకడగా. కార్డు 72, 1860, దాని ఫ్యాన్లు 65 శాతం దగ్గర. రెండో ఎస్ఎస్‌డీ 64. ఈ ఎస్ఎస్‌డీ స్లాటు కార్డు కిందే ఉంది, కార్డు వదిలే వేడంతా దాని మీదకే వచ్చేది, టైమ్‌లైన్ ఆగి ఆగి ఆడటంలో దీని వాటా ఎక్కువని నా అంచనా, ఎందుకంటే ఫుటేజీ అంతా దాంట్లోనే పెడుతున్నాడు. పగటి ఎక్స్‌పోర్టుకీ రాత్రి ఎక్స్‌పోర్టుకీ తేడా ఇప్పుడు రెండు మూడు నిమిషాలకి మించడం లేదు.

వానలు మొదలయ్యాక దుమ్ము దులపడానికి మళ్లీ విప్పాను. నైలాన్ ఫిల్టర్ మీద సమానంగా బూడిద రంగు పొర, వెనక స్లాట్ల రేకులు దాదాపు శుభ్రం. గాలి అనుకున్న దారిలోనే పోతోందనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఫిల్టర్ పంపు కింద కడిగి పూర్తిగా ఆరాక పెట్టాలి, మెయిన్‌రోడ్డు పక్కనైతే నెలకోసారి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోమని కుర్రాడికి గట్టిగా చెప్పాను, వదిలేస్తే దాని మామూలు స్పీడుకి మించి తిరిగి బేరింగు పోతుంది.

ఒక పని మిగిలింది. కార్డు 72 చూపిస్తున్నా హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడి చోటు) అంకె దానికంటే 18 ఎక్కువుంది, అది పేస్టు ఎండుతున్న సూచన కావచ్చు. వారంటీ ఇంకా ఉంది కాబట్టి ముట్టుకోలేదు, అది అయిపోయాక చూద్దామని చెప్పాను. ఇంకా, లైట్లు పోయాయని అతనికి కొంచెం బాధగానే ఉంది, పెళ్లివాళ్లు స్టూడియోకి వచ్చినప్పుడు మెషిన్ మెరుస్తుంటే బాగుంటుందంటాడు. అది చిన్న కోరికేం కాదు, అతని వ్యాపారం అది. రేకు మీది రెండిటికి రివర్స్ రెక్కల ఫ్యాన్లు వేసుకోమన్నాను. వాటిలో అందమైన ముఖం వైపుకే గాలి ఊదుతుంది, లైట్లూ కనిపిస్తాయి, కార్డుకి గాలీ అందుతుంది. స్క్రూలు బిగించే ముందు మాత్రం కరెంటిచ్చి టిష్యూ ముక్క పెట్టి చూడమన్నాను, డబ్బా మీద రివర్స్ అని ఉన్నా సరే.